మచ్చలున్న పార్టీకి మళ్లీ ఓటెయ్యొచ్చా?

(హైదరాబాద్‌లో ఓటర్ల సమావేశంలో చేసిన ప్రసంగం, ఆ తర్వాతి ప్రశ్నోత్తరాలకు అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. ఇది కాస్త లెక్కలున్న ఉపన్యాసం, నిలబడి వింటే కాళ్లు పీకుతాయి.

ఈ ఊళ్లో ఎన్నికల ముచ్చట వస్తే రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఒకటి, "అందరూ దొంగలే, ఎవరికేస్తే ఏముంది?" రెండోది, "ఎన్ని తప్పులున్నా మా పార్టీ మా పార్టీయే." పైకి ఎదురెదురు మాటల్లా ఉన్నా రెండూ చేసే పని ఒక్కటే. పార్టీని పట్టి చూసే శ్రమను తప్పిస్తాయి. మొదటి మాట అనేవాళ్లు పోలింగ్ రోజు ఇంట్లో కూర్చుంటారు. 2023 నవంబరు 30న రాష్ట్రం మొత్తం మీద 70 శాతం దాటి ఓట్లు పడితే, హైదరాబాద్ జిల్లా సగానికి కూడా చేరలేదు. రెండో మాట అనేవాళ్లు బూత్ దాకా వస్తారు, కానీ వాళ్ల ఓటు ఎటు పోతుందో పార్టీకి ముందే తెలుసు కాబట్టి వాళ్ల గురించి ఏ పార్టీ బెంగపడదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కొట్టేయండి. తప్పులున్న పెద్ద పార్టీకి ఓటెయ్యొచ్చు. చాలాసార్లు అదే తెలివైన పని కూడా. అయితే తప్పులన్నీ ఒక రకం కావు. వచ్చే ఎన్నికలో మీ ఓటుతో దిద్దగలిగేవి కొన్ని. ఆ దిద్దే దారినే మూసేసేవి కొన్ని. మొదటి రకాన్ని బేరం పెట్టుకుని భరించవచ్చు. రెండో రకాన్ని, పక్కన ఎంత మంచి పథకం పెట్టి ఇచ్చినా, భరించకూడదు.

ముందు ఓటు సీటుగా ఎలా మారుతుందో చూద్దాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు వచ్చాయి. సీట్లు 175లో 23. 2024లో అక్కడే వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా 39 శాతం పైచిలుకే. సీట్లు 11. ఆ రెండింటి మధ్య, 2023 తెలంగాణలో కాంగ్రెస్‌కు వచ్చిందీ 39 శాతం పైచిలుకే. సీట్లు 119లో 64, ప్రభుత్వం వాళ్లదే. ఓట్ల శాతం మూడుచోట్లా ఒకటే. ఒకచోట గద్దె, రెండుచోట్ల ఘోర పరాజయం. తేడా అంతా ఎదుటి ఓట్లు ఒకచోట కుప్పపడ్డాయా, చీలిపోయాయా అన్నదాంట్లో ఉంది. 2019 ఆంధ్రలో ఎదుటి పార్టీ ఒక్కటే దాదాపు 50 శాతం పట్టుకుపోయింది. 2024లో మూడు పార్టీలు పొత్తు కట్టాయి. తెలంగాణలో బీఆర్ఎస్‌కు 37, బీజేపీకి దాదాపు 14గా చీలింది.

దీన్నిబట్టి "ఈ పార్టీకి నా మద్దతు పొందే అర్హత ఉందా" అన్న ప్రశ్నను విడిగా అడగలేమని తేలుతోంది. మీ నియోజకవర్గంలో గెలిచే స్థితిలో ఉన్నది ఇద్దరు, మహా అయితే ముగ్గురు. మీరు వేసినా మానినా వాళ్లలో ఒకరు గెలుస్తారు. "గుడ్డికన్నా మెల్ల నయం" అని పెద్దలు అన్నది ఇలాంటి చోటే. ఆ సామెతతో నాకున్న పేచీ ఒక్కటే. ఈ మెల్ల ఐదేళ్లలో తగ్గేదా, ముదిరేదా అని అది అడగదు. మనం అడగాలి.

ఇక రెండు రకాల తప్పుల సంగతి. పథకం డబ్బు ఆలస్యమవడం, ప్రాజెక్టు అంచనాలు పెరగడం, మంత్రి చేతకానివాడవడం, ఇచ్చిన హామీల్లో సగం మరిచిపోవడం, ఇవన్నీ మొదటి రకం. 2023 అక్టోబరు 21న కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బరాజ్‌లో పియర్లు, అంటే స్తంభాలు, కుంగాయి. నెలన్నర తిరక్కుండానే ప్రభుత్వం మారింది. అది ఒక్కటే కారణమని అనను, కానీ జనం దగ్గర దిద్దే దారి ఉంది, వాడుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్లకూ అదే కొలత వర్తిస్తుంది. ఆరు గ్యారంటీల్లో మహిళల ఉచిత బస్సు 2023 డిసెంబరు 9నే మొదలైంది. దేనికి తేదీ పడింది, దేనికి పడలేదు అన్నది ప్రతి ఇంట్లోనూ తెలిసిన లెక్కే. ఇలాంటి తప్పు ఎంత పెద్దదైనా ఓటు దగ్గర దానికో వెల కట్టొచ్చు.

రెండో రకానికి మన చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది, మనకు అంత గౌరవం తెచ్చేది కాదు. 1975 నుంచి 1977 దాకా ఎమర్జెన్సీ. పత్రికలకు సెన్సారు, ప్రతిపక్షం జైల్లో, లోక్‌సభ గడువు పొడిగింపు. 1977 మార్చిలో ఉత్తరాది రాష్ట్రాలు కాంగ్రెస్‌ను ఊడ్చేస్తే, ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే ఇచ్చింది. మిగిలిన ఒక్కటి నంద్యాల, అక్కడ నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఏడాది తిరగకుండా అసెంబ్లీలోనూ ఇందిరా కాంగ్రెస్‌కు 175 వచ్చాయి. ఇళ్ల స్థలాలు, భూ సంస్కరణలు, బలహీన వర్గాలకు దక్కిన గుర్తింపు, ఇవన్నీ పనిచేశాయి. ఇక్కడ నిర్బంధం ఉత్తరాదిలో లాగా ఇంటింటినీ తాకలేదని అనేవాళ్లూ ఉన్నారు. ఆ కారణాలను తీసిపారేయను. అయినా ఆ తీర్పు తప్పనే నా అంచనా. ఎన్నికనే వాయిదా వేసుకోగలిగిన పార్టీకి వెల కట్టే అవకాశం చేతిలో ఉండీ మనం కట్టలేదు. తర్వాత ఐదేళ్లలో ఆ పార్టీ ఢిల్లీ నుంచి నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. అప్పుడు కోపం వచ్చింది. 1982 మార్చి 29న హైదరాబాద్‌లో పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలలకే 200కు పైగా సీట్లతో అధికారంలోకి వచ్చింది. ఎమర్జెన్సీని క్షమించి, ముఖ్యమంత్రుల మార్పిడిని క్షమించని ఓటరు మనం. ఆత్మగౌరవం చిన్న విషయమని కాదు. కానీ వరస తిరగబడింది.

ఇవాళ దారి మూసే తప్పులు ఎమర్జెన్సీలా రాత్రికి రాత్రి రావు. మూడు చోట్ల చూడండి.

మొదటిది స్థానిక ఎన్నికలు. రాజ్యాంగంలోని 243ఈ, 243యూ అధికరణాల ప్రకారం పంచాయతీ, మున్సిపాలిటీల ఐదేళ్ల గడువు తీరేలోపే ఎన్నిక జరగాలి. ఏం జరిగిందో వినండి. ఉమ్మడి రాష్ట్రంలో కాంగ్రెస్ హయాంలో పంచాయతీల గడువు 2011లో తీరితే ఎన్నికలు 2013లో. జీహెచ్‌ఎంసీ గడువు 2014 డిసెంబరులో తీరితే టీఆర్‌ఎస్ హయాంలో ఎన్నిక 2016 ఫిబ్రవరిలో. ఆంధ్రలో పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తెలుగుదేశం హయాంలో తీరింది, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో వైఎస్సార్ కాంగ్రెస్ హయాంలో, అదీ కోర్టులు కలగజేసుకున్నాక. తెలంగాణలో పంచాయతీల గడువు 2024 జనవరి చివర తీరింది, పోలింగ్ 2025 డిసెంబరులో. ప్రతిసారీ ఒక కారణం ఉంటుంది: రిజర్వేషన్ల లెక్క, కోర్టు కేసు, విభజన, కరోనా. కొన్ని నిజమైన కారణాలే. కానీ గడువు ఎప్పుడు తీరుతుందో ఐదేళ్ల ముందే తెలిసిన సంగతి. ఆలస్యమైతే నష్టం కూడా లెక్కలోకి వచ్చేదే. ఎన్నికైన పాలకవర్గం లేని స్థానిక సంస్థకు కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు రాదు. సర్పంచ్ లేని ఊళ్లో ట్రాక్టరు డీజిల్‌కు పంచాయతీ కార్యదర్శి సొంత జేబు తడుముకునే పరిస్థితి అక్కడినుంచి వచ్చిందే.

రెండోది ఫిరాయింపులు. పార్టీ మారితే పదవి పోయేలా 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్ వచ్చింది. మూడింట ఒక వంతు చీలితే చెల్లుతుందన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. ఇప్పుడు మిగిలింది మూడింట రెండు వంతుల విలీనం ఒక్కటే. మన పార్టీలు ఆ సందులోంచి ఎలా దూరాయో చూడండి. 2014లో గెలిచిన తెలంగాణ తెలుగుదేశం ఎమ్మెల్యేలలో ఎక్కువమంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2018లో 19 గెలిచిన కాంగ్రెస్‌లో ఒకరు ఎంపీగా వెళ్లగా మిగిలిన 18లో 12 మంది 2019 జూన్‌లో టీఆర్‌ఎస్‌లో కలిశారు. సరిగ్గా మూడింట రెండు. అదే నెలలో రాజ్యసభలో ఆరుగురు తెలుగుదేశం సభ్యుల్లో నలుగురు బీజేపీలో విలీనమయ్యారు. అదీ సరిగ్గా మూడింట రెండే. 2014–19 మధ్య ఆంధ్రలో 23 మంది వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు, విలీనం లెక్క కూడా చూసుకోలేదు, నలుగురు మంత్రులయ్యారు. తర్వాతి ఎన్నికలో తెలుగుదేశానికి మిగిలినవి 23 సీట్లే కావడం కాకతాళీయమే లెండి. (నవ్వులు) 2023 తర్వాత పదిమంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు నడిచారు. మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు సుప్రీంకోర్టు 2025 జూలై 31న చెప్పాల్సి వచ్చింది.

లోపం ఎక్కడుందంటే, అనర్హత తేల్చేది స్పీకర్, స్పీకర్ అధికార పక్షం మనిషి. చట్టంలో గడువు రాయలేదు. పిటిషన్‌ను పక్కన పెట్టి కూర్చుంటే చాలు, ఐదేళ్లు గడిచిపోతాయి. మీరు ఒక పార్టీకి వేసిన ఓటు మీకు తెలియకుండానే ఇంకో పార్టీ ఖాతాలో పడుతుంది. దిద్దే దారి మూయడమంటే ఇదే.

మూడోది డబ్బు కనపడకుండా చేయడం. 2018లో కేంద్రం తెచ్చిన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో కొట్టేసింది. ఆ తర్వాత బయటపడిన లెక్కల్లో 2019 ఏప్రిల్ నుంచి బీజేపీకి 6,000 కోట్లకు పైగా, తృణమూల్‌కు 1,600 కోట్లు, కాంగ్రెస్‌కు 1,400 కోట్లు, అప్పట్లో లోక్‌సభలో తొమ్మిది సీట్లున్న బీఆర్‌ఎస్‌కు 1,200 కోట్లకు పైగా వచ్చినట్టు తేలింది. డబ్బు తీసుకోవడం ఒక తప్పు. ఎవరు ఇచ్చారో మీకు తెలియకూడదని చట్టం చేయడం వేరే రకం తప్పు. అందుకే అన్ని పార్టీలూ తీసుకున్నాయి కదా అని పద్దు కొట్టేయకూడదు. పథకం తెచ్చినవాళ్లది ఒక ఖాతా, వాడుకున్నవాళ్లది ఇంకో ఖాతా. మార్క్సిస్టు పార్టీ తీసుకోలేదు, కోర్టుకెళ్లింది. అదీ రాసుకోవాలి.

సరే, మీ ఇంట్లో కూర్చుని ఇదంతా ఎలా పరిశీలిస్తారు? అందులో ఎక్కువ పని చేసేది అభ్యర్థి అఫిడవిట్, అంటే ఫారం 26. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల వల్ల వచ్చింది. నామినేషన్‌తో పాటు ఇస్తారు, ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌లోనూ, నో యువర్ క్యాండిడేట్ యాప్‌లోనూ దొరుకుతుంది. స్కాన్ చేసిన కాగితాలు ముప్ఫై నలభై పేజీలు ఉండొచ్చు, భయపడకండి. ముందు చివరికెళ్లండి. పార్ట్ బీ అని సంక్షిప్త పట్టిక ఉంటుంది. అది చూసి, తర్వాత కేసుల పట్టికకు రండి.

కేసులు ఎన్ని అని లెక్కపెట్టడం మనవాళ్లు చేసే మొదటి పొరపాటు. ప్రతిపక్షంలో ఉన్న నాయకుడికి ధర్నా చేసినా, రోడ్డు మీద కూర్చున్నా కేసే. తెలంగాణ ఉద్యమంలో తిరిగినవాళ్లకు పదుల్లో ఉంటాయి. సంఖ్య కాదు, సెక్షన్ చూడండి. పాత ఐపీసీలో 143 చట్టవిరుద్ధంగా గుమిగూడడం, 188 ఆదేశాల ఉల్లంఘన, 341 దారి అడ్డగించడం. ఇవి ఆందోళన కేసులు. 307 హత్యాయత్నం, 376 అత్యాచారం, 420 మోసం. ఇవి వేరే కథ. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాల కేసులకు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత నంబర్లు ఉంటాయి: హత్యాయత్నం 109, మోసం 318, గుమిగూడడం 189, ఆదేశాల ఉల్లంఘన 223. పక్క గడిలో కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అని ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ ఎవరైనా పెట్టించవచ్చు. అభియోగం నమోదైందంటే న్యాయమూర్తి ఒకసారి కాగితాలు చూసి విచారణకు తగిన ఆధారం ఉందనుకున్నట్టు.

ఆస్తుల పట్టికలో చేసే పొరపాటు ఇంకోటి. "పదేళ్లలో ఆస్తి ఐదింతలు" అని వార్త వస్తుంది, మనం మండిపడతాం. శంషాబాద్ పక్కన తాతల నాటి నాలుగెకరాలున్నవాళ్ల ఆస్తి ఏ పనీ చేయకుండానే ఐదింతలైంది. అందుకే ప్రస్తుత మార్కెట్ విలువ గడి వదిలేసి, పక్కనున్న మూడు గడులు చదవండి: వారసత్వమా కాదా, కొన్న తేదీ, కొన్నప్పటి ధర. పదవిలో ఉన్న ఐదేళ్లలో కొత్తగా కొన్నవి ఏవి? వాటిని ముందు పేజీల్లో ఉన్న ఐదేళ్ల ఆదాయపు పన్ను లెక్కతో పోల్చండి. భార్య లేదా భర్త, ఆధారపడ్డవాళ్ల గడులూ చూడాలి, ఎందుకంటే పెరిగేది ఎక్కువగా అక్కడే. పోయిన ఎన్నిక అఫిడవిట్ కూడా అదే పోర్టల్‌లో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే గంట పని.

ఈ కాగితాన్ని నమ్మవచ్చా? రిటర్నింగ్ అధికారి ఖాళీలున్నాయా అని చూస్తారే తప్ప రాసింది నిజమా అని చూడరు. అబద్ధమైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష ఉంది. ఎన్నిక చెల్లదనడానికి ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేయాలి. వేస్తే ఏమవుతుందో కొత్తగూడెం, గద్వాల కేసులు చెబుతాయి. 2018 ఎన్నికల అఫిడవిట్ల మీద తెలంగాణ హైకోర్టు అక్కడి ఎమ్మెల్యేలిద్దరి ఎన్నికా చెల్లదని తేల్చింది 2023 జూలై, ఆగస్టుల్లో. రెండింటి మీదా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అప్పటికి సభ గడువే అయిపోవచ్చింది. కాబట్టి కోర్టు చూసుకుంటుందిలే అనుకోవద్దు, ఓటుకు ముందు చదవాల్సింది మీరే.

ఇక పార్టీ ఇచ్చే కాగితం. కేసులున్నవాళ్లకు టికెట్ ఇస్తే, ఎందుకిచ్చారో, కేసుల్లేనివాళ్లు ఎందుకు దొరకలేదో 48 గంటల్లో ప్రకటించాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 13న చెప్పింది, 2021లో ఇంకా బిగించింది. ఆ ఫారం పేరు సీ-7. గెలిచే సత్తా ఉంది అన్నది ఒక్కటే కారణంగా రాయకూడదు. 2020 బిహార్ ఎన్నికల్లో పాటించనందుకు కాంగ్రెస్, బీజేపీ సహా పలు పార్టీలకు కోర్టు జరిమానా వేసింది, ఎక్కువ పార్టీలకు లక్ష చొప్పున. లక్ష రూపాయలు పెద్ద పార్టీకి ఒక ఫ్లెక్సీల బిల్లు. అయినా సీ-7 చదవండి. ఒకే పేరా పది మంది అభ్యర్థులకు అతికించి ఉంటే, ఆ పార్టీ మిమ్మల్ని ఎంత లెక్కచేస్తోందో తెలుస్తుంది.

మేనిఫెస్టో గురించి ఎక్కువ చెప్పను. హామీ ఇవ్వడం అవినీతి కాదని కోర్టు 2013లోనే చెప్పింది. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో స్థూలంగానైనా చెప్పాలని ఎన్నికల సంఘం నియమావళిలో చేర్చింది. ఆ వాక్యం ఉందా అని వెతకండి. అధికారంలో ఉన్న పార్టీ అయితే బడ్జెట్ పుస్తకంలో కేటాయింపు గడి చూసి మురిసిపోవద్దు. ఒకే పద్దుకు మూడు అంకెలుంటాయి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం. వాస్తవ వ్యయం రెండేళ్ల తర్వాతి పుస్తకంలో కనిపిస్తుంది. 2023–24లో నిజంగా ఎంత ఖర్చయిందో 2025–26 బడ్జెట్‌లో ఉంటుంది. దళితబంధు అయినా, రుణమాఫీ అయినా ఆ గడితోనే తూచాలి.

ఇప్పుడు మీ మనసులో ఉన్న అసలు ప్రశ్న. దారి మూసే తప్పు చేసిన పార్టీకి వేయొద్దంటున్నారు, ఫిరాయింపుల జాబితాలో అందరి పేర్లూ మీరే చదివారు, మరి ఎవరికి వేయాలి?

దీనికి చక్కటి జవాబు లేదు. ఉన్నంతలో మూడు పనులు చేయొచ్చు. దారి మూయగలిగేది అధికారంలో ఉన్న పార్టీయే. స్పీకర్ కుర్చీ, పోలీసు, ఎన్నికల తేదీ దాని చేతిలోనే ఉంటాయి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు సుద్దులు అందరూ చెబుతారు. కాబట్టి ఇలాంటి తప్పుకు శిక్ష ముందు అధికార పక్షానికే పడాలి, ఎదుటివాళ్లు పదేళ్ల కిందట అదే చేసినా సరే. అన్యాయంగా అనిపించవచ్చు. కానీ ప్రతి పార్టీకీ తన వంతు వస్తుందని తెలిస్తేనే భయం ఉంటుంది.

పార్టీని వదిలేయలేకపోయినా, మారిన మనిషిని వదిలేయండి. ఇది పనిచేసిందనడానికి లెక్క ఉంది. 2019లో కాంగ్రెస్ నుంచి టీఆర్‌ఎస్‌లోకి వెళ్లిన 12 మందిలో 2023లో మళ్లీ గెలిచింది ఇద్దరే. చిక్కేమిటంటే ఆ ఇద్దరూ మన పక్కవాళ్లే, ఎల్బీ నగర్, మహేశ్వరం. తాండూరు, కొల్లాపూర్, పాలేరు, నకిరేకల్ ఓటర్లు వేసిన శిక్ష ఊరి పక్కన ఉన్న మనం వేయలేదు. నీళ్లు, రోడ్లు, రిజిస్ట్రేషన్లు అంటూ మనకు మన కారణాలుంటాయి, అవి అబద్ధాలు కావు. ఫలితం మాత్రం ఇది.

మూడోది, ఒక పార్టీకి ఒకచోట మద్దతిచ్చి ఇంకోచోట ఆపడం. ఇది హైదరాబాదీలకు బాగా వచ్చు. 2023 డిసెంబరులో మల్కాజిగిరి లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాలూ బీఆర్‌ఎస్ గెలిచింది. ఆరు నెలలకు అదే లోక్‌సభ స్థానం బీజేపీకి పోయింది, రాష్ట్రం మొత్తంలో బీఆర్‌ఎస్‌కు ఒక్క ఎంపీ రాలేదు. కార్పొరేషన్, అసెంబ్లీ, లోక్‌సభ మూడు వేర్వేరు పనులు. ఒకదానికి పనికొచ్చిన పార్టీ ఇంకోదానికి పనికిరాకపోవచ్చు.

కొత్త పార్టీకి వేయొచ్చు కదా అంటారు. 2009లో కూకట్‌పల్లి లోక్‌సత్తాను గెలిపించింది, రాష్ట్రమంతా కలిపి ఆ పార్టీకి వచ్చింది ఆ ఒక్క సీటే. ప్రజారాజ్యానికి 18 వచ్చాయి, రెండేళ్లకే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. చిన్న పార్టీకి వేయడం వృథా అనను. అసెంబ్లీకి పదివేల డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి, అక్కడిదాకా వచ్చిన పార్టీని పెద్దవాళ్లు పట్టించుకుంటారు. కానీ దారి మూసే పార్టీ మీ నియోజకవర్గంలో అంచున ఉన్నప్పుడు ఆ ప్రయోగం చేయకండి. అంచు ఎంతో తెలుసుకోవాలంటే ఫారం 20 చూడండి. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో అందులో ఉంటుంది, ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పార్టీ ఆఫీసుల్లో దాన్ని కంఠతా పట్టినవాళ్లుంటారు. మీ బూత్‌లో నోటా ఎంత, పోయినసారికి ఇప్పటికి ఎంత జారింది, వాళ్లకు తెలుసు. మీ కాలనీ సంఘం కూడా తెలుసుకుని, ఆ కాగితం చేతిలో పట్టుకుని కార్పొరేటర్ దగ్గరికెళ్తే మాట తీరు మారుతుంది.

ప్రశ్నలు అడగండి.

(నోటా నొక్కితే సరిపోదా అని ఒకరు అడిగారు.)

నోటా 2013 సెప్టెంబరు తీర్పుతో వచ్చింది. ఎన్ని పడినా మిగిలిన అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాళ్లే గెలుస్తారు. డిపాజిట్ లెక్కలోకీ రాదు. ఇంట్లో కూర్చోవడం కన్నా మేలే, మీరు బూత్‌కు వచ్చేవాళ్లని ఫారం 20లో నమోదవుతుంది. ఇద్దరు ప్రధాన అభ్యర్థులకూ తీవ్రమైన అభియోగాలు నమోదై ఉంటే నొక్కండి. ఊరికే చిరాకుతో మాత్రం వద్దు.

(మాకు ఊళ్లోనూ ఓటుంది, ఇక్కడా ఉంది, రెండుచోట్లా వేయవచ్చా అని ఇంకొకరు.)

వేయకూడదు, ఉండనూ కూడదు. 1950 నాటి చట్టం ప్రకారం ఒక్క నియోజకవర్గంలోనే పేరుండాలి. అబద్ధపు ప్రకటన చేస్తే ఏడాది దాకా జైలు. ఇక్కడ స్థిరపడ్డవాళ్లయితే ఫారం 8 పెట్టి ఓటు మార్చుకోండి. ఎన్నికల ప్రకటన వచ్చాక నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందే పెట్టేయాలి, తర్వాత పెడితే ఆ ఎన్నికకు అందదు. అమావాస్యకో పున్నానికో ఊరెళ్లే చోట ఓటు ఉంచుకుని ఇక్కడి డ్రైనేజీ గురించి తిట్టుకోవడంలో అర్థం లేదు.

(మా ఎమ్మెల్యే మంచోడు, పార్టీయే బాగాలేదు, ఏం చేయాలని వెనక వరసలోంచి ఒక అమ్మ అడిగారు.)

అమ్మా, ఇందాక నేను వదిలేసిన ముక్క ఇది. పదో షెడ్యూల్ వల్ల ఎమ్మెల్యే సభలో పార్టీ విప్‌కు, అంటే ఎటు ఓటెయ్యాలో చెప్పే ఆదేశానికి, కట్టుబడాలి. విశ్వాస పరీక్ష, బడ్జెట్, బిల్లు, దేనిమీదైనా విప్ జారీ అయితే ఎదురు ఓటేసినా, రాకుండా ఉన్నా పదవి పోవచ్చు, పార్టీ పదిహేను రోజుల్లో క్షమిస్తే తప్ప. అంటే ప్రభుత్వాన్ని నిలబెట్టే విషయంలో మీ మంచి ఎమ్మెల్యే చెయ్యి పార్టీ చెయ్యే. ఆయన మంచితనం పనికొచ్చేది ప్రశ్నోత్తరాల్లో, కమిటీల్లో, మీ నియోజకవర్గం పనుల్లో. అందుకని అసెంబ్లీ ఎన్నికలో పార్టీకి ముప్పాతిక బరువు, మనిషికి పావు బరువు ఇవ్వమంటాను. పార్టీది దిద్దగలిగే తప్పయితే ఆ మంచి మనిషికి నిశ్చింతగా వేయండి, లోపలినుంచి అడిగేవాళ్లు ఒకరైనా ఉంటారు. పార్టీది దారి మూసే తప్పయితే ఆయన్ను చూసి కూడా వేయకండి, ఎందుకు వేయలేదో ఆయనకే చెప్పండి. రేపు కార్పొరేషన్ ఎన్నికలో ఈ లెక్క తిరగేయండి. వీధి దీపం, నాలా పూడిక, చెత్త బండి, కమ్యూనిటీ హాలు తాళం, వీటికి పార్టీ విధానమంటూ పెద్దగా ఉండదు. అక్కడ ఫోనెత్తే మనిషెవరో చూసి వేయండి.